భుజానికొక కెమెరా

పెళ్లి, బహిరంగ సభ, ఊరేగింపు, ఆటల పోటీ వంటివి ఫొటోగ్రాఫర్ కోసం ఆగవు. ఇలాంటి సందర్భాలను తీసేవాళ్లు రెండు కెమెరా బాడీలు వేసుకుని తిరగడం ఇప్పుడు వృత్తిలో మామూలు విషయం. ఒకదానికి వైడ్ లెన్స్, రెండోదానికి టెలి. ఎందుకని అడిగితే, లెన్స్ ఊడదీసి ఇంకోటి బిగించే ఆ పది పదిహేను సెకన్లు కలిసొస్తాయని చెబుతారు. నిజమే గానీ ఈ కారణం అంత పాతది కాదు. లెన్సులు మార్చుకునే వీలున్న చిన్న కెమెరాలు రాకముందే ఫొటోగ్రాఫర్లు ఒకటికి మించి కెమెరాలు మోశారు. ప్రతి తరంలోనూ మొదటి కెమెరాకు చేతకాని పని ఏదో ఒకటి ఉండేది, దానికోసమే రెండోది వచ్చేది. ఆ చేతకాని పని ఏమిటన్నది మాత్రం మారుతూ వచ్చింది.

19వ శతాబ్దంలో ఆ లోటు బొమ్మ సైజుది. నెగెటివ్‌ను పెద్దది చేసి అచ్చు వేయడం అప్పట్లో తేలికైన పని కాదు. గాజు పలకను కాగితానికి ఆనించి ఎండలో పెడితే పలక ఎంతుంటే బొమ్మ అంతే వచ్చేది. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద కెమెరా, జేబులో పట్టే కార్డు బొమ్మకు చిన్న కెమెరా, రెండు కళ్లతో చూసే స్టీరియో బొమ్మకు జంట లెన్సుల కెమెరా ఉండాల్సిందే. 1855లో క్రిమియా యుద్ధరంగానికి వెళ్లిన బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ ఐదు కెమెరాలు, 700 గాజు పలకలు ఓడలో వేసుకెళ్లాడు. ద్రాక్షసారా వ్యాపారి బండి ఒకటి కొని దాన్ని డార్క్‌రూమ్‌గా మార్చుకున్నాడు. రసాయనం ఆరకముందే వాడాల్సిన ఆ తడి పలక మీద బొమ్మ పడటానికి సెకన్లకు సెకన్లు పట్టేది. అందుకే యుద్ధానికి వెళ్లి కూడా ఆయన యుద్ధాన్ని తీయలేకపోయాడు. గుడారాలను, అధికారులను, ఫిరంగి గుండ్లు దొర్లిన లోయను తీసుకొచ్చాడు. ఆ ఐదు కెమెరాలూ కదలనివాటికే పనికొచ్చాయి.

ఎండు పలకలు వచ్చాక పరిస్థితి కొంత మెరుగుపడింది. హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఆ కాలంవాడే. సికిందరాబాదులో ఆయన స్టూడియో ఉండేది. వైస్రాయిల రాకపోకలు, వేటలు, సైనిక కవాతులు ఆయన తీశాడు. వాటిని ఇప్పటి మాటల్లో ఈవెంట్ ఫొటోలు అనవచ్చు. అయితే ఆ బొమ్మల్లో చాలామటుకు సందర్భమే కెమెరా కోసం ఆగింది. చచ్చిన పులి చుట్టూ దొరలు బారుగా నిలబడ్డారు, కవాతు వరుసలు కట్టి కదలకుండా ఉంది. లెన్స్ మార్చుకోవడానికి కావలసినంత తీరిక ఉండేది. ఆగని సందర్భాన్ని పట్టుకోవాలన్న పట్టుదల పత్రికలతో వచ్చింది.

అమెరికాలో పత్రికా ఫొటోగ్రాఫర్ అంటే చాలాకాలం చేతిలో స్పీడ్ గ్రాఫిక్ కెమెరానే. గ్రాఫ్లెక్స్ సంస్థ 1912లో తెచ్చిన ఈ పెట్టెలాంటి కెమెరాలో ఎక్కువమంది వాడింది 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్. ఒక్కో హోల్డర్‌లో ముందు ఒకటి, వెనక ఒకటి, మొత్తం రెండు షీట్లు. ఒక బొమ్మ తీశాక హోల్డర్ లాగి, తిప్పి, మళ్లీ దూర్చి, షట్టర్ ఎక్కించి, ఫ్లాష్ బల్బు మార్చాలి. ఇంత తంతులో రెండో కెమెరా మోయడం అయ్యే పని కాదు. టెలి లెన్స్ లేని లోటు కూడా పెద్దగా తెలిసేది కాదు. నెగెటివ్ అంత పెద్దది కాబట్టి దూరంగా ఉన్న ముఖం కావాలంటే డార్క్‌రూమ్‌లో ఆ ముక్క మటుకే పెద్దది చేసుకునేవారు. ఆ రోజుల్లో టెలి లెన్స్ చేయాల్సిన పని ఎన్‌లార్జర్ చేసింది. ఇంత బరువైన పద్ధతిలో కూడా జంట కుదిరిన దాఖలాలు ఉన్నాయి. భారతదేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరున్న హోమై వ్యారావాలా ఢిల్లీలో స్పీడ్ గ్రాఫిక్‌తో పాటు రోలీఫ్లెక్స్ కూడా వాడారు. రోలీఫ్లెక్స్ 1929లో పుట్టిన జర్మన్ కెమెరా. ఒక రీలుకు పన్నెండు చదరపు బొమ్మలు, ఊడదీయరాని ఒకే లెన్స్, పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి చూసే అద్దం. ఒకటి నిదానంగా తీసేది, ఇంకోటి చురుగ్గా తీసేది. తేడా లెన్సుల్లో కాకుండా వేగంలో ఉంది.

ఇదే కాలంలో యూరప్‌లో దారి మరోలా చీలింది. 1924లో వచ్చిన ఎర్మానాక్స్ చిన్న గాజు పలకల కెమెరా. దాని ఎఫ్/2 లెన్స్ ఆనాటికి అసాధారణమైనది. న్యాయశాస్త్రం చదివిన బెర్లిన్ వాసి ఎరిక్ సాలమన్ దానితో కోర్టు గదుల్లో, దౌత్య సమావేశాల్లో ఫ్లాష్ లేకుండా బొమ్మలు తీశాడు. కానీ తీసిన ప్రతి బొమ్మకూ ఒక పలక మార్చాలి. ఆ బాధను తీర్చింది లైకా. ఎర్న్‌స్ట్ లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి 24×36 ఎంఎం బొమ్మ తీసే కెమెరాను రూపొందించాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో అది జనం ముందుకొచ్చింది. ఒకసారి రీలు ఎక్కిస్తే 36 బొమ్మలు. 1930లో లెన్స్ మార్చుకునే లైకా వచ్చింది. 1932లో రేంజ్‌ఫైండర్‌తో కలిసిన లైకా రెండో మోడల్, దానికి పోటీగా జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ వచ్చాయి. కొన్నేళ్లలోనే 35, 50, 90, 135 ఎంఎం లెన్సుల వరుస తయారైంది. ఈ అంకెలు ఈనాటికీ పెద్దగా మారలేదు.

విచిత్రమేమిటంటే, మార్చుకునే లెన్సులు చేతికొచ్చిన తర్వాత కూడా రెండు బాడీలు మోసినవాళ్లు రెండింటికీ ఒకే లెన్స్ బిగించేవారు. అప్పటి లోటు ఫిల్ముది. ఆ రోజుల లైకాకు వెనక తలుపు లేదు. అడుగు పళ్లెం ఊడదీసి, ఫిల్ము కొసను ప్రత్యేకంగా కత్తిరించి, సన్నటి సందులోకి కిందినుంచి దూర్చాలి. కదలకుండా కూర్చుని చేసినా రెండు మూడు నిమిషాలు పోతాయి. 36వ బొమ్మ అయిపోయిన క్షణాన జరగాల్సింది జరిగిపోతుంది. రెండో కెమెరా అంటే నింపి సిద్ధంగా పెట్టుకున్న రెండో రీలు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైనికులతోపాటు దిగిన యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా దగ్గర రెండు కాంటాక్స్ కెమెరాలున్నాయి, రెండింటికీ 50 ఎంఎం లెన్సులే. ఈనాటి ఫొటోగ్రాఫర్‌కు ఇది వృథా ఏర్పాటుగా కనిపిస్తుంది. తుపాకీ గుండ్ల మధ్య, నడుం లోతు నీళ్లలో రీలు మార్చాల్సి వచ్చినవాడికి అలా కనిపించదు.

తర్వాతి లోటు రంగుది. 35 ఎంఎం కోడాక్రోమ్ 1936లోనే వచ్చినా దాని వేగం చాలా తక్కువ. ఎండలో తప్ప పనిచేసేది కాదు. పత్రికలకు నలుపు తెలుపు కావాలి, సచిత్ర వారపత్రికలు రంగు కూడా అడగసాగాయి. ఒక బాడీలో ఒక రీలే ఉంటుంది, సగంలో తీసి వేరేది ఎక్కించడం సులువు కాదు. దాంతో ఒక కెమెరా నలుపు తెలుపుకు, ఒకటి రంగుకు అని విభజన జరిగింది. 1954 మే 25న ఇండోచైనాలో మందుపాతర మీద కాలు వేసి చనిపోయేనాటికి కాపా దగ్గరున్న జంట ఈ మార్పుకు సాక్ష్యం. కాంటాక్స్‌లో నలుపు తెలుపు ఫిల్ము, నికాన్ ఎస్‌లో రంగు ఫిల్ము. ఒకే మనిషి పదేళ్ల తేడాతో రెండు కెమెరాలు మోశాడు, కారణం మాత్రం పూర్తిగా మారిపోయింది.

రెండు కెమెరాలు తప్పనిసరి అని అందరూ ఒప్పుకోలేదు. కాపాతో కలిసి మాగ్నమ్ ఫొటో సంస్థను స్థాపించిన ఆన్రీ కార్టియర్-బ్రెసాన్ తన పనిలో అధికభాగం ఒక లైకా, ఒక 50 ఎంఎం లెన్సుతోనే చేశాడు. 1948లో గాంధీ అంత్యక్రియల రద్దీని కూడా తీశాడు. చేతిలో ఒకే లెన్స్ ఉంటే ఎంత దూరంలో నిలబడాలో కాళ్లకే తెలిసిపోతుందన్న వాదనకు ఆయన పనిని మించిన ఆధారం లేదు. అయితే ఏది తీయాలో, ఏది వదిలేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆయనకుంది. పెళ్లివారి దగ్గర డబ్బు తీసుకున్న ఫొటోగ్రాఫర్‌కు మంగళసూత్ర ధారణ వదిలేసే స్వేచ్ఛ లేదు. ఈ తేడాను పట్టించుకోకుండా ఒకే లెన్స్ గొప్పతనం బోధించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒక బాడీకి వైడ్, ఒక బాడీకి టెలి అన్న ఇప్పటి జంట స్థిరపడింది 1960లలో. దానికి కారణం ఫొటోగ్రాఫర్ల అభిరుచి కంటే కెమెరా లోపలి నిర్మాణం.

1954లో లైకా ఎం3 వచ్చింది. పెద్ద, వెలుతురున్న వ్యూఫైండర్, అందులో 50, 90, 135 ఎంఎం లెన్సులకు గీతల చట్రాలు. కొన్నేళ్లకే వచ్చిన ఎం2లో 35 ఎంఎం చట్రం కూడా ఉంది. ఇలాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్స్ గుండా చూడరు, పక్కనున్న కిటికీ గుండా చూస్తారు. రెండు చిన్న కిటికీల మధ్య ఉన్న కొద్దిపాటి ఎడం ఆధారంగా దూరం తేలుతుంది. లెన్స్ పొడవు పెరిగేకొద్దీ ఆ ఎడం చాలదు, ఫోకస్ తప్పే ప్రమాదం పెరుగుతుంది, చట్రం కూడా చిన్నదై మధ్యలో ఒక గడిలా మిగులుతుంది. 135 దాటితే ఆ పద్ధతి చేతులెత్తేసింది. వైడ్ లెన్సుల విషయంలో మాత్రం దీనికి తిరుగులేదు. మధ్యలో అద్దం లేదు కాబట్టి లెన్స్ వెనక భాగం ఫిల్ముకు దాదాపు ఆనేంత దగ్గరగా ఉండవచ్చు, డిజైన్ చిన్నదిగా, చక్కగా కుదురుతుంది. మసక వెలుతురులో కూడా ఫోకస్ చిక్కుతుంది. షట్టర్ చప్పుడు మెత్తన.

1959లో వచ్చిన నికాన్ ఎఫ్ దీనికి సరిగ్గా తిరగేసిన రకం. ఇది ఎస్సెల్లార్, అంటే లెన్స్ చూసేదే అద్దం మీదుగా కంటికి కనిపిస్తుంది. 105 అయినా 200 అయినా 500 అయినా ఫోకస్ ఉన్నదీ లేనిదీ కళ్లెదుటే తెలుస్తుంది. టెలి లెన్సులకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. కానీ ఆ అద్దం పైకి లేవడానికి చోటు కావాలి కాబట్టి వైడ్ లెన్సుకు వెనక్కి జరిగే వీలు లేదు. తొలినాళ్లలో నికాన్ 21 ఎంఎం లెన్స్ బిగించాలంటే అద్దాన్ని పైకెత్తి కట్టేసి, నెత్తిన వేరే వ్యూఫైండర్ పెట్టుకోవాల్సి వచ్చేది. అప్పుడది ఎస్సెల్లార్ అయ్యీ కానట్టే. ముందువైపు పెద్ద పుటాకార కటకం పెట్టి వెనక చోటు సంపాదించే రెట్రోఫోకస్ పద్ధతిని ఫ్రాన్స్‌లో ఆంజెన్యూ సంస్థ 1950లో 35 ఎంఎం లెన్సుతో మొదలుపెట్టింది గానీ, అంతకంటే వైడ్ లెన్సుల్లో, ముఖ్యంగా దగ్గరి దూరాల్లో, ఆ పద్ధతి కుదురుకోవడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

ఇంతకీ జరిగింది ఏమిటంటే, ఒక కెమెరా జాతికి వైడ్ బాగా వచ్చింది, ఇంకో జాతికి టెలి బాగా వచ్చింది. రెండూ కావాలంటే రెండు జాతులనూ మోయాలి. వియత్నాం యుద్ధకాలపు ఫొటోగ్రాఫర్ల మెడల్లో కనిపించే లైకా, నికాన్ జంట అలా పుట్టింది. లైకాకు 21, 28, 35లలో ఒకటి. నికాన్‌కు 105 లేదా 200. ముఖ్యంగా 105 ఎంఎం ఎఫ్/2.5 నికార్ లెన్స్ ఆ తరానికి ప్రీతిపాత్రం. ఈ జంటలో ఇబ్బందులు లేకపోలేదు. లైకా లెన్సు ఫోకస్ రింగు ఏ వైపు తిరిగితే దూరం పెరుగుతుందో, నికాన్ రింగు అదే వైపు తిరిగితే దూరం తగ్గుతుంది. ఒక కెమెరా దించి ఇంకోటి ఎత్తినప్పుడల్లా వేళ్లు నేర్చుకున్నది మరిచి తిరగేయాలి. అలవాటు పడేదాకా ఎన్ని బొమ్మలు మసకబారి ఉంటాయో లెక్కలేదు. లైట్ మీటరు లేని లైకా, మీటరున్న నికాన్ పక్కపక్కనే ఉండటం మరో తలనొప్పి.

1967లో నికాన్ 24 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్ తెచ్చింది. దగ్గరి దూరాల్లో కూడా పదును చెడకుండా లోపలి కటకాలు విడివిడిగా కదిలే ఏర్పాటు అందులో ఉంది. అక్కణ్నుంచి ఎస్సెల్లార్‌కు వైడ్ లోటు తీరుతూ వచ్చింది. 1970లు ముగిసేసరికి పత్రికల వాళ్లలో చాలామంది రెండు బాడీలూ ఒకే కంపెనీవి పెట్టుకున్నారు. రింగులు ఒకేవైపు తిరుగుతాయి, లెన్సులు ఒకదానివి ఒకదానికి పడతాయి, ఒకటి చెడిపోతే రెండోది దాని పని కూడా చేస్తుంది. జాతుల తేడా పోయినా వైడ్ ఒక భుజానికి, టెలి ఒక భుజానికి అన్న అలవాటు మాత్రం మిగిలింది. పుట్టించిన కారణం పోయిన తర్వాత కూడా అది నిలవడానికి కారణం, దానివల్ల ఇంకో లాభం ఉందని అప్పటికే అందరికీ తెలిసిపోవడం. లెన్స్ మార్చే పది సెకన్ల లెక్క చరిత్రలో గట్టిగా వినిపించింది ఇక్కడే.

పెళ్లి ఫొటోగ్రఫీ ఈ పరిణామానికి చాలాకాలం దూరంగా ఉంది. పాశ్చాత్య దేశాల్లో 1957 నాటి హాసెల్‌బ్లాడ్ 500సి ఆ రంగాన్ని ఏలింది. దాని ఉపాయం వేరు. బాడీ మార్చకుండా వెనకనున్న ఫిల్ము పెట్టెనే మార్చవచ్చు. ఒక పెట్టెలో రంగు, ఒక పెట్టెలో నలుపు తెలుపు. పైగా దాని లెన్సుల్లోనే షట్టర్ ఉండటం వల్ల సెకనులో 500వ వంతు వేగంతో కూడా ఫ్లాష్ పనిచేస్తుంది, ఎండలో తెల్లటి గౌనుకు, నల్లటి కోటుకు సమంగా వెలుగు పడుతుంది. తీరిగ్గా నిలబెట్టి తీసే బొమ్మలకు ఇది చాలు.

తెలుగు ఊళ్లలో హాసెల్‌బ్లాడ్ అరుదు. స్టూడియోల్లో యాషికా వంటి జంట కటకాల కెమెరాలు రాజ్యమేలాయి. 80 ఎంఎం లెన్స్, రీలుకు పన్నెండు బొమ్మలు. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ కెమెరాల దిగుమతి మీద ఆంక్షలు, సుంకాలు గట్టిగా ఉండేవి. ఒక్క కెమెరా సంపాదించడమే గొప్ప అయినచోట రెండోదాని మాట ఎవరెత్తుతారు? ఫిల్ముకూ లెక్కే. పెళ్లికి ఇన్ని రీళ్లని ముందే మాట్లాడుకునేవారు. అందుకే ఆ ఆల్బమ్‌లలో ఉన్నవి ఎంచుకున్న ఘట్టాలు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అరుంధతి, ఆపైన బంధువుల వరుసలు. వరసగా కూర్చోబెట్టి అందరూ పట్టేదాకా వెనక్కి నడవడమే ఫొటోగ్రాఫర్‌కున్న వైడ్ లెన్స్. ముఖ్య ఘట్టం తప్పిపోతే మంగళసూత్రం ముడి దగ్గర చేయి అలాగే ఉంచమని అడగడం కూడా మామూలే, పురోహితుడు విసుక్కున్నా సరే. 1980లలో పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎం2 వంటి 35 ఎంఎం కెమెరాలు చిన్న ఊళ్లకు చేరాక రెండు బాడీల ఆలోచన మెల్లగా మొదలైంది. ఎఫ్‌ఎం2 తొలి మోడల్ ఫ్లాష్‌తో సెకనులో 200వ వంతు వేగం ఇచ్చింది, మారిన మోడల్ 250వ వంతు. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడుతుంది. పగటి పెళ్లికి ఇది పెద్ద వరం.

జూమ్ లెన్స్ వచ్చినప్పుడు రెండో బాడీకి కాలం చెల్లిందని అనుకోవడానికి అవకాశం ఉంది. 1959లో ఫొయిక్ట్‌లెండర్ తెచ్చిన 36-82 ఎంఎం జూమార్ స్టిల్ కెమెరాలకు వచ్చిన తొలి జూమ్. 1963లో నికాన్ 43-86 వచ్చింది. అది తక్కువ ధరకు దొరికింది, ఎంతో అమ్ముడుపోయింది, గీతలు వంకరగా వస్తాయన్న అపకీర్తి కూడా మూటగట్టుకుంది. వృత్తివాళ్లు నమ్మదగిన జూమ్‌లు 1980లలో గానీ విరివిగా రాలేదు. నికాన్ 80-200 ఎఫ్/2.8 1982లో వచ్చింది. 1987లో కానన్ ఈఓఎస్ వ్యవస్థ ఆటో ఫోకస్‌ను లెన్సులోని మోటారుకు అప్పగించింది. 1989లో ఆ కంపెనీ 20-35 ఎఫ్/2.8, 80-200 ఎఫ్/2.8 లెన్సులు రెండూ తెచ్చింది. జూమ్ ఒక బాడీతో పని కానిచ్చేస్తుందనుకుంటే, జరిగింది రెండు జూమ్‌లు రెండు బాడీలు. జూమ్ కాని నాలుగు ప్రైమ్ లెన్సుల సంచి బరువు తగ్గింది గానీ భుజాల మీది బరువు పెరిగింది.

అదే దశాబ్దంలో అమెరికాలో పెళ్లి ఫొటోలకు పత్రికా ఫొటోల పద్ధతి అంటుకుంది. ఎవరినీ నిలబెట్టకుండా జరుగుతున్నది జరుగుతున్నట్టు తీసే ఈ ధోరణికి ఫొటోగ్రాఫర్ డెనిస్ రెగీ పేరు ఎక్కువగా చెబుతారు. 1996లో జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ పెళ్లిరోజున చర్చి గడపలో వధువు చేతిని ముద్దాడుతున్న బొమ్మ తీసింది ఆయనే. ఈ ధోరణి వాళ్లలో ఒక బాడీలో ఫ్లాష్‌తో తీసే రంగు నెగెటివ్, రెండోదానిలో కోడాక్ 1988లో తెచ్చిన టీ-మ్యాక్స్ పి3200 వంటి వేగవంతమైన నలుపు తెలుపు ఫిల్ము వేసుకునే అలవాటు ఏర్పడింది. నలభై ఏళ్లనాటి కాపా విభజనే మళ్లీ ప్రాణం పోసుకుంది. ఈసారి నలుపు తెలుపు మీద మోజు అందం కోసం, చీకటి కోసం.

డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫిల్ముకు సంబంధించిన కారణాలన్నీ ఒక్కసారిగా పోయాయి. రీలు మార్చే పని లేదు, రంగో నలుపు తెలుపో తర్వాత తేల్చుకోవచ్చు, వెలుతురు తగ్గితే ఐఎస్‌ఓ పెంచుకోవచ్చు. వాటి చోట కొత్త లోటు వచ్చి కూర్చుంది. 1999లో వచ్చిన నికాన్ డి1 సెన్సార్ 35 ఎంఎం ఫిల్ము కంటే చిన్నది. ఏ లెన్స్ పెట్టినా ఒకటిన్నర రెట్లు పొడవైన లెన్సులా పనిచేస్తుంది. 80-200 లెన్స్ 120-300 అయిపోయింది, ఆటల ఫొటోగ్రాఫర్లకు పండగే. కానీ అంతవరకు వైడ్ పని చేసిన 17-35, దాదాపు 26-52 అయింది. కానన్ డి30లో ఈ గుణకం 1.6, 2001 నాటి ఈఓఎస్-1డిలో 1.3. మండపం అంతా పట్టించాల్సినవాడికి వైడ్ చేజారిపోయింది. లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. సెన్సార్ 35 ఎంఎం ఫిల్ము అంత ఉండే పూర్తి ఫ్రేమ్ కెమెరా మీద 24 ఎంఎం లెన్స్ మూడు మీటర్ల దూరంలో నాలుగున్నర మీటర్ల వెడల్పు చూస్తుంది. అదే లెన్స్ 1.5 సెన్సార్ మీద మూడు మీటర్లలోపే చూస్తుంది. పందిరి స్తంభాలు రెండు వైపులా తెగిపోతాయి.

ఈ నష్టం పూడ్చడానికి నికాన్ 2003లో చిన్న సెన్సార్ల కోసమే 12-24 ఎఫ్/4, 17-55 ఎఫ్/2.8 తయారుచేసింది. కానన్ దారి వేరు. పూర్తి ఫ్రేమ్ సెన్సార్‌తో 2002లో 1డిఎస్, అందుబాటు ధరలో 2005లో 5డి తెచ్చింది. అప్పుడు 1960ల నాటి తెలివి మరో రూపంలో తిరిగొచ్చింది. పూర్తి ఫ్రేమ్ బాడీకి వైడ్ ఇచ్చి, చిన్న సెన్సార్ బాడీకి టెలి ఇచ్చారు. లైకా, నికాన్‌ల చోట 5డి, చిన్న సెన్సార్ 7డి నిలబడ్డాయి. ఏ కెమెరాకు ఏది చేతనవునో ఆ లెన్సే దానికి. ఈ కూర్పు ఎంత బాగున్నా ఒక చిక్కు తప్పలేదు. రెండు సెన్సార్ల రంగులు, చీకట్లో గింజదనం ఒకేలా ఉండవు. ఒకే చీర ఒక బొమ్మలో కనకాంబరం రంగు, పక్క బొమ్మలో నారింజ రంగు అయితే ఆల్బమ్ చేసేవాడికి రాత్రుళ్లు నిద్ర ఉండదు.

2007లో నికాన్ పూర్తి ఫ్రేమ్ డి3తో పాటు 14-24, 24-70 ఎఫ్/2.8 లెన్సులు తెచ్చింది. 70-200 అప్పటికే ఉంది. కానన్ వైపు 16-35, 24-70, 70-200 అన్నీ ఎఫ్/2.8లో సిద్ధం. మూడు జూమ్‌లు, రెండు బాడీలు. దేన్ని సంచిలో వదిలేయాలన్నదే అప్పట్నుంచి ఈవెంట్ ఫొటోగ్రాఫర్ల చర్చ. పత్రికల వాళ్లు ఎక్కువగా 16-35, 70-200 పట్టుకున్నారు. మధ్యలో 35 నుంచి 70 దాకా ఖాళీ ఉంది గానీ, రెండడుగులు ముందుకో వెనక్కో వేస్తే ఆ ఖాళీ నిండుతుంది. కుర్చీల మీదనుంచి తోసుకుపోగలిగే విలేకరికి అదేమంత పని కాదు. పెళ్లివాళ్లు 24-70, 70-200 వైపు మొగ్గారు. మండపం మీద అడుగు వేయడానికి చోటుండదు. పురోహితుడు, తల్లిదండ్రులు, వీడియో లైటు పట్టుకున్న కుర్రాడు, మధ్యలో హోమగుండం. అక్కడ కాళ్లు చేయలేని పనిని జూమ్ రింగు చేయాలి. పైగా 16 ఎంఎం దగ్గర చట్రం అంచున కూర్చున్న అత్తగారి ముఖం సాగిపోతుంది, ఆ బొమ్మను ఎవరూ మెచ్చరు. పెళ్లి విషయంలో ఈ రెండో జంటే సరైనదనడానికి ఇంతకంటే పెద్ద కారణాలు అక్కర్లేదు.

తెలుగు పెళ్లిళ్లలో ఈ చర్చ పనివిభజన రూపం తీసుకుంది. ‘ట్రెడిషనల్’ ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ పెట్టిన ఒకే బాడీ, ఒక 24-70తో ముందు నిలబడి ఘట్టాలు, గ్రూపులు తీస్తాడు. ‘క్యాండిడ్’ ఫొటోగ్రాఫర్ రెండు బాడీలతో పక్కనుంచి తిరుగుతాడు. ఈ రెండో మనిషి దగ్గర తరచుగా కనిపించే ప్రైమ్ లెన్సుల జంట 35, 85. దీని సులువు ఒక లెక్కలో ఉంది. రెండు మీటర్ల దూరం నుంచి 35 ఎంఎం లెన్స్ రెండు మీటర్ల వెడల్పు చూస్తుంది. పీటల మీద కూర్చున్న ఇద్దరూ పడతారు. అదే చోటునుంచి 85 ఎంఎం లెన్స్ 85 సెంటీమీటర్లు చూస్తుంది. ఒక ముఖం, భుజాలు. కదలకుండా కెమెరా మార్చితే చాలు, ఇద్దరి బొమ్మ ఒక్కరి బొమ్మ అవుతుంది. అడ్డుతెర వెనక జీలకర్ర బెల్లం పెట్టుకుని, తెర తీయగానే ఒకరినొకరు చూసుకునే ఘట్టం కొన్ని సెకన్లే. చేతులూ తలలూ కలిపి 35తో ఒకటి, చూపు కోసం 85తో ఒకటి. జూమ్ తిప్పినా ఈ పని అవుతుంది గానీ ఎఫ్/1.4 వెలుతురు జూమ్‌లో దొరకదు. 24, 35 జంటగా పెట్టుకోవడం మాత్రం దండగ. రెండు బొమ్మల మధ్య తేడా ఒక అడుగు దూరమే. జంటలో పొడవైన లెన్స్ పొట్టిదానికి రెండింతలకు పైగా ఉంటేనే రెండో బాడీ మోసిన బరువుకు ఫలితం దక్కుతుంది. 28, 85 జంట మూడింతలు, ఇరుకు ఇళ్లలో బాగా పనిచేస్తుంది. ఎత్తైన వేదిక మీద రిసెప్షన్ అయితే 85 చాలదు. పది మీటర్ల దూరం నుంచి 200 ఎంఎం లెన్స్ 1.8 మీటర్లు చూస్తుంది, దండలు మార్చుకునే ఇద్దరికి సరిగ్గా అంత కావాలి.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. 2012 నాటి రెండు 5డి మార్క్ 3 బాడీలు, ఒక 24-70, ఒక 70-200 కలిపితే ఫ్లాష్‌లు లేకుండానే నాలుగు కిలోలు దాటుతుంది. తెల్లవారుజాము ముహూర్తం నుంచి రాత్రి భోజనాల దాకా అది మెడ మీదే. మెడ పట్టీల స్థానంలో రెండు భుజాల మీదుగా వెళ్లి, తుంటి పక్కన కెమెరాలు తలకిందులుగా వేలాడే తోలు పట్టీలు ఈ కాలంలోనే వ్యాపించాయి. వాటితో ఒక అలవాటు స్థిరపడింది. ఏ లెన్స్ ఏ వైపు ఉంటుందో ఎన్నడూ మార్చరు, చూడకుండానే చేయి సరైన కెమెరా మీద పడుతుంది.

2010 తర్వాత వచ్చిన మార్పులు రెండో బాడీ అవసరాన్ని ఒక్కొక్కటిగా కొరుకుతూ వచ్చాయి. కెమెరా చెడిపోతే ఎలా అన్న భయంలో సగం కార్డు చెడిపోవడం గురించే. రెండు కార్డులు పట్టే బాడీలు ఆ సగాన్ని తీర్చాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో వైడ్ లెన్సుకు పాత అడ్డంకి లేదు, టెలి ఫోకస్ నేరుగా సెన్సార్ మీదే జరుగుతుంది. లైకా బలమూ నికాన్ బలమూ ఒకే పెట్టెలోకి వచ్చాయి. 2017 నాటి సోనీ ఎ9 షట్టర్ చప్పుడే లేకుండా సెకనుకు 20 బొమ్మలు తీసింది. 2021లో టామ్రాన్ ప్రకటించిన 35-150 ఎఫ్/2-2.8 లెన్స్ 35, 85, 135ల పనిని ఒక్కటే చేస్తుంది, బరువు 1.2 కిలోలలోపే. పెళ్లి ఫొటోగ్రాఫర్లు దాన్ని ఆదరించారు. ఆదరించి, రెండో భుజానికి 20 లేదా 24 ఎంఎం ప్రైమ్ బిగించిన ఇంకో బాడీ తగిలించుకున్నారు. 35 కంటే వైడ్ ఇప్పుడు లోటైంది మరి. బాడీయే మొరాయిస్తే పెళ్లి మళ్లీ జరగదన్న మిగిలిన సగం భయం కూడా అలాగే ఉంది.

రెండు డిజిటల్ బాడీలతో వచ్చిన చిన్న సమస్య ఒకటి ఫిల్ము కాలంలో ఊహకు కూడా అందనిది. ప్రతి బొమ్మతోపాటు తీసిన సమయం కూడా నమోదవుతుంది. రెండు కెమెరాల గడియారాల్లో రెండు నిమిషాల తేడా ఉంటే, కంప్యూటర్‌లో వరస కట్టినప్పుడు తలంబ్రాలు మూడు ముళ్లకంటే ముందే పడిపోతాయి. రెండు మూడు వేల బొమ్మల్లో దాన్ని చేత్తో సరిదిద్దడం ఒక పూట పని. అందుకే జాగ్రత్తపరులు బయలుదేరే ముందు రెండు గడియారాలూ సెకనుతో సహా కలుపుతారు. కలపడం మరిచినవాళ్లు ఒకే గోడగడియారాన్ని రెండు కెమెరాలతోనూ ఒకసారి ఫొటో తీసి పెట్టుకుంటారు, తర్వాత ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారే అన్ని బొమ్మలకూ సవరిస్తారు. మూడో మనిషి కెమెరా కూడా ఆ పెళ్లిలో ఉంటే దానితోనూ అదే గడియారాన్ని తీయించాలి.